తోనో మ్యూజియం: అమ్మానాన్నలతో అంత దూరం వెళ్లొచ్చా?

కొత్తపేట_కుర్రోడు

అందరికీ నమస్తే. అక్టోబర్ చివర్లో అమ్మానాన్న టోక్యో వస్తున్నారు. అసకుసా, షిబుయా, ఫూజీ ఎలాగూ ఉన్నాయి. నాన్నగారు సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. "గుళ్లూ టవర్లూ యూట్యూబ్‌లో చూసేశాను, పల్లెటూళ్లలో జనం ఎలా బతికారో అది చూపించరా" అని పట్టుబట్టారు. ఇవాతే ప్రిఫెక్చర్‌లో తోనో అనే ఊరుందని, అక్కడి మునిసిపల్ మ్యూజియం జానపద కథలకీ పాత జీవితానికీ పేరున్నదని మా ఆఫీసులో ఒకాయన చెప్పారు. నా జపనీస్ ఎన్4 పరీక్ష దాకానే, అంటే మొదటి మెట్ల మీదే. వాళ్లకి అసలు రాదు. అంత దూరం పోయి అద్దాల వెనక కొడవళ్లు చూసి రావడమేనా, లేక నిజంగా సరుకుందా? వెళ్లినవాళ్లు చెప్పండి.

చిల్లర_యెన్

తమ్ముడూ, నిజం చెప్పేస్తా. జపాన్‌లో ఏ ఊరికెళ్లినా ఒక "రెకిషి మింజోకు షిర్యోకన్" తగుల్తుంది. చరిత్ర, జానపద సామగ్రి భవనం అన్నమాట. లోపల నాగలి, చేట, గడ్డితో అల్లిన చెప్పులు, 1950ల నాటి వాషింగ్ మెషీన్. ఒకటి చూస్తే వంద చూసినట్టే. ముగ్గురికి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) రానుపోను లెక్కేసుకో, కళ్లు తిరుగుతాయి. కవాసాకిలో నిహోన్ మింకా-ఎన్ ఉంది, షింజుకు నుంచి లోకల్ రైల్లో పోవచ్చు. దేశంలో రకరకాల చోట్ల నుంచి పాత ఇళ్లని విప్పి తెచ్చి, కొండవాలులో మళ్లీ కట్టిపెట్టారు. 1967 నుంచీ ఉంది. పొయ్యి గుంటలో నిప్పు కూడా రాజేస్తారు. మాస్టారికి అది చాలు.

పొగచూరిన_పుస్తకం

మింకా-ఎన్ మంచిదే, కాదనను. కానీ "ఒకటి చూస్తే వంద చూసినట్టే" అన్నమాట దగ్గర ఆగుదాం. ఊరికొక మ్యూజియం ఎందుకొచ్చిందో తెలిస్తే మాస్టారికి ఇంకా నచ్చుతుంది.

యుద్ధం తర్వాత ఇరవై ఏళ్లలో జపాన్ పల్లె మొత్తం మారిపోయింది. ఎడ్లూ గుర్రాలూ పోయి పవర్ టిల్లర్ వచ్చింది, కట్టెల పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది, గడ్డికప్పు పోయి రేకులొచ్చాయి. సామాన్లన్నీ చెత్తకుప్పల్లోకి పోతుంటే ప్రభుత్వం 1970 నుంచి చిన్న ఊళ్లు ఇలాంటి భవనాలు కట్టుకోడానికి గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అందుకే అన్నీ ఒకే కాలంలో, ఒకే మూసలో పుట్టినట్టు కనిపిస్తాయి. అంతకుముందు ఈ పని సొంత డబ్బుతో చేసినవాళ్లలో పెద్ద పేరు షిబుసావా కెయిజో. బ్యాంక్ ఆఫ్ జపాన్ గవర్నరుగా, ఆర్థిక మంత్రిగా చేసిన మనిషి, కుర్రతనంలో ఇంటి అటక మీద బొమ్మలూ పనిముట్లూ పోగేశాడు. ఆ సేకరణే తర్వాత ఒసాకాలోని జాతీయ మానవజాతి శాస్త్ర మ్యూజియానికి పునాది అయింది.

తోనో మాత్రం ఈ మూసలోది కాదు. అక్కడ పుస్తకం ముందు, మ్యూజియం తర్వాత. 1910లో యానగిత కునియో అనే ప్రభుత్వోద్యోగి "తోనో మొనొగతారి" అని 119 చిన్న కథనాల పుస్తకం వేశాడు. తొలి ముద్రణ 350 ప్రతులే. జపాన్‌లో జానపద అధ్యయనం మొదలైందే దీనితో అంటారు. ఊరి మ్యూజియం 1980లో తెరిచారు. కాబట్టి లోపల ప్రతి వస్తువు పక్కనా ఒక కథ ఉంటుంది, ఆ కథ జరిగిన కొండో వాగో బయట కనబడుతూనే ఉంటుంది. మింకా-ఎన్‌లో ఇల్లుంది కానీ ఆ ఇంటి ఊరు లేదు. తేడా అదే.

రైలుపిచ్చి

దారి నేను చెప్తా. టోక్యో నుంచి తొహొకు షింకన్‌సెన్‌లో షిన్-హనామాకి, మూడు గంటలకి కాస్త అటూ ఇటూ. అక్కడ కామాయిషి లైన్ ఎక్కాలి, తోనోకి ఓ గంట. ఈ లైన్లో రైళ్లు బాగా తక్కువ, ఒకటి తప్పితే ప్లాట్‌ఫాం మీద కూర్చుని కునుకు తీయాల్సిందే. టైంటేబుల్ చూడకుండా షింకన్‌సెన్ బుక్ చెయ్యకు. ఒక్కరోజులో పోయి రావచ్చుగానీ పెద్దవాళ్లతో వద్దు. ఒక రాత్రి తోనోలోనో హనామాకి వేడినీటి బుగ్గల దగ్గరో ఉండండి.

ఈ లైన్ స్టేషన్లన్నిటికీ ఎస్పెరాంటో అనే కల్పిత భాషలో ముద్దుపేర్లున్నాయి. హనామాకి కవి మియాజావా కెంజికి ఆ భాష మీద మోజు, ఆయన పేరు చెప్పి పెట్టారు. తోనోకి పెట్టిన పేరు "ఫోల్క్‌లోరో", అంటే జానపదం. దారిలో మియామొరి దగ్గర కమానుల వంతెన వస్తుంది, కెమెరా సిద్ధంగా పెట్టుకో. ఒకప్పుడు ఇక్కడ ఆవిరి ఇంజను నడిచేది, 2023లో ఆపేశారు. నేనింకా దిగులు పడుతూనే ఉన్నా, అది వేరే త్రెడ్.

సైతామా_సుజాత

మా అత్తమామల్ని తీసుకెళ్లాను కాబట్టి పెద్దవాళ్ల సంగతి చెప్తాను. మ్యూజియం స్టేషన్ నుంచి నడిచే దూరమే, పది నిమిషాలు చాలు. సిటీ లైబ్రరీ కూడా ఆ భవనంలోనే. లోపల ఇబ్బంది లేదు, ఎక్కడపడితే అక్కడ కూర్చోవచ్చు. కథల్ని తెర మీద చూపించే చిన్న థియేటర్ ఉంది, భాష రాకపోయినా బొమ్మలతో సగం అర్థమవుతుంది. మిగతాది ఫోన్ కెమెరా ట్రాన్స్‌లేషన్. అది మధ్యమధ్యలో దేవుడి పేరుని కూరగాయని చేసేస్తుంది, నవ్వుకుని ముందుకి పోవడమే.

అసలు కష్టం బయట. పాత ఇళ్లు చూడాలంటే చెప్పులు విప్పాలి, గడపలు ఎత్తు, మట్టినేల నుంచి చెక్క అరుగు మీదికి ఎక్కాలంటే మోకాలు ఎత్తున అడుగెయ్యాలి. ఆంటీగారికి మోకాళ్ల నొప్పులుంటే ముందే చెప్పండి. తిండి సంగతి మరీ ఘోరం. ఊరి స్పెషల్ గొర్రెమాంసం, "జింగిసుకన్" అని పెనం మీద కాల్చుకుంటారు. "హిత్సుమి" అని పిండిముద్దని చేత్తో సాగదీసి తుంచి వేసే పులుసు ఉంది, చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది, లోపల కోడో చేపో ఉడికిన నీళ్లు. మీవాళ్లు శాకాహారులైతే ఉమెబోషి (ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు) పెట్టిన అన్నం ముద్దలు కొని దగ్గరుంచుకోండి. ఊరగాయ ఎలాగూ సూట్‌కేసులో ఉంటుంది.

కొత్తపేట_కుర్రోడు

అమ్మ శాకాహారి, నాన్నగారు ఇంట్లో శాకాహారి :) అక్కా, చాలా థ్యాంక్స్. ఇంతకీ మ్యూజియం లోపల ఏముంటాయో ఎవరైనా కాస్త వివరంగా చెప్తారా?

పట్టుగూడు

నేను సెండాయ్‌లో ఉంటాను. తోనోకి వీలున్నప్పుడల్లా పోతుంటా. మాది హిందూపురం వైపు, ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. ఆ కళ్లతో చూసింది చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి.

ఊళ్లో, పొలంలో, కొండల్లో మనుషులు ఎలా బతికారో చెప్పే భాగాలున్నాయి. తోనో చుట్టూ కొండలు, మధ్యలో పళ్లెంలాంటి నేల. ఒకవైపు సముద్రతీరం, ఇంకోవైపు లోపలి వరిసీమ. అటు నుంచి ఉప్పు, చేపలు, సముద్రపు నాచు, ఇటు నుంచి బియ్యం. అన్నీ గుర్రం వీపు మీద కనుమలు దాటి ఈ సంతకి చేరేవి. సంత రోజున వెయ్యి గుర్రాలు, వెయ్యి మంది అని పుస్తకంలోనే ఉంది. బరువు మోసే జీనులు, గంటలు, గుర్రపు బొమ్మలు గీసి మొక్కుగా కట్టిన చెక్కపలకలు చూస్తుంటే కథలు ఈ ఊరికి ఎలా వచ్చాయో తెలిసిపోతుంది. గుర్రాలు తోలే మనుషులు రాత్రి బస చేసినచోట ఖాళీగా కూర్చోరు కదా. ఉప్పు బస్తాతోపాటు ఒక దెయ్యం కథ కూడా దిగుతుంది.

ఇక నేను ఎప్పుడు పోయినా నిలబడిపోయేది ఒషిరాసమా దగ్గర. ఇంటి దేవత. మల్బరీ కర్ర, మూరెడు కన్నా తక్కువే, చివర గుర్రం తల చెక్కి ఉంటుంది. జంటలో రెండోది ఆడపిల్ల తల. దానికి గుడ్డలు తొడుగుతారు. ఏటా మొదటి నెలలో కొత్త గుడ్డ, పాతది తియ్యకుండా దాని మీదే. తరాలు గడిచేసరికి కర్ర కనిపించదు, గుడ్డల మూటే కనిపిస్తుంది. కొన్నిటికి గుడ్డ మధ్యలో చిల్లు పెట్టి తల బయటికి తీస్తారు, కొన్నిటికి తల కూడా కప్పేసి మెడ దగ్గర కడతారు. అంచు దగ్గర కాస్త వంగి చూస్తే పొరలు లెక్కపెట్టొచ్చు. పైన మెరిసే ఎర్ర బట్ట, కింద వెలిసిన పూల అచ్చు, ఇంకా కింద గోధుమరంగుకి తిరిగిన నార బట్ట.

కథ ఏమిటంటే, ఒక రైతు కూతురు ఇంట్లో గుర్రాన్ని ప్రేమించి పెళ్లి చేసుకుంది. తండ్రికి తెలిసి గుర్రాన్ని మల్బరీ చెట్టుకి ఉరేసి చంపాడు. పిల్ల దాని తలని పట్టుకుని వదలకుండా ఏడుస్తుంటే గొడ్డలితో తల నరికాడు. ఆ తలతోపాటే పిల్ల ఆకాశంలోకి ఎగిరిపోయింది. ఆ చెట్టు కొమ్మతోనే దేవత బొమ్మ చేశారట. పట్టుపురుగుల్ని కాచే దేవత కూడా ఈవిడే అంటారు.

పురుగులు పెంచినవాడికి ఇది వింతగా అనిపించదు. పురుగు జ్వరంలో ఉన్నప్పుడు, అంటే పొర విడిచేముందు, మేత మానేసి తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. పక్క నుంచి చూడండి, ముమ్మూర్తులా గుర్రం మెడే. మా నాయనమ్మ ఆ సమయంలో షెడ్డులో గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు.

చిల్లర_యెన్

పట్టుగూడు అన్నా, బాగా రాశావు. కానీ ఆ ఊరికి దిగగానే కనబడేది నీ గుడ్డల దేవత కాదు. స్టేషన్ ఎదురుగా పోలీసు చౌకీకే కప్పా మొహం. (కొత్తవాళ్లకి: మన బావిలో కప్ప కాదు, నెత్తిమీద నీళ్ల గిన్నె ఉండే నీటి దెయ్యం.) కప్పా కీచైన్, కప్పా బిస్కెట్, కప్పాని పట్టుకోడానికి టూరిజంవాళ్లు అమ్మే పర్మిట్ కార్డు! ప్రాణంతో పట్టాలట, నెత్తి మీద నీళ్లు ఒలకకూడదట. వాగు దగ్గర వెదురు గడకి దోసకాయ కట్టి ఫొటోలు. ఇది జానపదమా, జాతరా?

పొగచూరిన_పుస్తకం

రెండూ. జాతర లేకుండా జానపదం ఎక్కడుంది?

కానీ మీ చిరాకు అర్థమైంది. కీచైన్ మీద నవ్వే కప్పా వేరు, పుస్తకంలో కప్పా వేరు. పుస్తకంలో ఆడవాళ్లు కప్పా వల్ల గర్భవతులవుతారు. పుట్టిన బిడ్డల్ని ముక్కలు చేసి, చిన్న పీపాల్లో పెట్టి మట్టిలో పూడ్చారని రాసి ఉంది. యానగిత ఇదంతా కళ్లార్పకుండా రెండు మూడు వాక్యాల్లో ముగిస్తాడు. వేరేచోట్ల కప్పా ఆకుపచ్చ, తోనోలో మొహం ఎరుపు అంటారు. కరువుల్లో వాగులో వదిలేసిన పసికందుల జ్ఞాపకమే ఈ ఎర్ర కప్పా అనే వాదన ఒకటుంది. రుజువు చెయ్యగలిగిందేం కాదు, కానీ ఆ నేల చరిత్ర చూస్తే కొట్టిపారెయ్యలేం. 18వ శతాబ్దంలో చలిగాలికి వరి వెన్నుపట్టక జనం రాలిపోయారు. ఊరి చివర అడవిలో "గొహ్యాకు రకన్" అని బండల మీద చెక్కిన బుద్ధ శిష్యుల బొమ్మలు ఆ కరువులో పోయినవాళ్ల కోసమే ఒక సన్యాసి చెక్కాడు. నాచు పట్టి, బండేదో మొహమేదో వెంటనే తెలియదు. మ్యూజియం చూసి అక్కడికి వెళ్లండి, కప్పా బిస్కెట్ తర్వాత తినండి.

ఒషిరాసమా గురించి ఒక మాట. గుర్రం, అమ్మాయి, పట్టుపురుగు కథ చైనాలో 4వ శతాబ్దపు కథల సంపుటిలోనే ఉంది. అక్కడ చంపిన గుర్రం చర్మమే లేచి పిల్లని చుట్టుకుని ఎగిరిపోతుంది, ఆమె చెట్టు మీద పట్టుపురుగుగా మారుతుంది. కాబట్టి ఇది తోనో మట్టిలో పుట్టిన కథ కాదు, పట్టుతోపాటు ప్రయాణించింది.

పట్టుగూడు

కథ ప్రయాణించిందంటే ఒప్పుకుంటా. కానీ చైనా కథలో గుర్రం మోసపోయిన జంతువు, పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పిన పిల్ల మీద కోపం. తోనోలో అది ఇంటి మనిషి. ఆ తేడా ఇంటి నుంచి వచ్చింది, కావాలంటే పాత పల్లె బతుకు చూపించే "దెన్షోయెన్" అనే ఆవరణకి పోయి చూడండి. అక్కడి పాత ఇల్లు "మగరియా", ఎల్ ఆకారంలో ఉంటుంది. పొడుగు భాగంలో మనుషులు, మలుపు తిరిగిన భాగంలో గుర్రాలు, మధ్యలో మట్టినేల. గోడ లేదు. పొయ్యి వేడి గుర్రాల దాకా పోతుంది, వంటచేసే మనిషి తలతిప్పితే గుర్రం కళ్లు కనబడతాయి. ఆరు నెలలు చలి, ఒకే కప్పు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల గుర్రాన్ని ప్రేమించిందంటే ఆ ఊరివాళ్లకి వింత కాదు. తండ్రి గొడ్డలి తియ్యడం కూడా మన పేపర్లు చదివేవాళ్లకి వింత కాదనుకోండి.

అదే ఆవరణలో ఒక చిన్న గదిలో వెయ్యి ఒషిరాసమాలు గోడల నిండా పేర్చి ఉన్నాయి. వచ్చినవాళ్లు ఒక గుడ్డ ముక్క మీద కోరిక రాసి తొడగొచ్చు. గది చీకటి, రంగులు మాత్రం మండుతుంటాయి.

చిల్లర_యెన్ తమ్ముడికి ఒక లెక్క. 1991 నుంచి 2007 వరకు జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా మన దగ్గర కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడుల్లో బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే పురుగు జాతి) పట్టు ప్రాజెక్టు నడిపింది. మా ఊళ్లవైపు తెల్ల గూళ్లు పెరిగింది ఆ తర్వాతే. షెడ్డులో వేడి, తేమ ఎంతుండాలో, ఎన్నిసార్లు మేత వెయ్యాలో జపాన్‌వాళ్ల పద్ధతే మా నాన్న నేర్చుకున్నాడు. ఆ పద్ధతి చెప్పినవాళ్ల దేశంలోనే ఇప్పుడు పురుగుల తట్టలు మ్యూజియంలో ఉన్నాయి, మా ఇంట్లో చంద్రికలు (పురుగులు గూడు కట్టే తట్టలు) వాడకంలో ఉన్నాయి. ఈ దేశంలో పట్టు రైతులు దాదాపు లేరు. అందుకే నాకు అవి "పాత సామాన్లు"గా కనబడవు.

చిల్లర_యెన్

ఇది తెలియదు. జైకా అంటే మెట్రో రైలు అప్పులే అనుకున్నా.

రైలుపిచ్చి

కామాయిషి లైన్ గురించి ఇంకొకటి. అదే రైల్లో చివరిదాకా పోతే సముద్రం. 1896 జూన్ 15న సన్రికు తీరంలో వచ్చిన సునామీలో దాదాపు 22,000 మంది పోయారు. పుస్తకంలో 99వ కథ దాని గురించే. తోనో నుంచి తీరానికి ఇల్లరికం వెళ్లిన మనిషి, భార్యనీ ఒక బిడ్డనీ పోగొట్టుకున్నాడు. ఏడాది తర్వాత పొగమంచు రాత్రి ఒడ్డున భార్య కనబడింది, పక్కన ఇంకో మగమనిషి. పెళ్లికి ముందు ఆమె మనసుపడ్డవాడు, అతనూ సునామీలోనే పోయాడు. "ఇప్పుడు ఇతనితో ఉంటున్నాను" అంటుంది. "పిల్లలు గుర్తులేరా" అని ఇతనడిగితే ముఖం పాలిపోయి ఏడుస్తుంది. ఇంటికొచ్చి చాలాకాలం మంచం పట్టాడు. అంతే కథ, ఓదార్పు ఏమీ ఉండదు. 2011లో మళ్లీ సునామీ వచ్చినప్పుడు తీరానికి సహాయం పంపడానికి తోనోయే స్థావరం అయింది. ఒకప్పుడు ఉప్పుగుర్రాలు దిగిన దారుల్లోనే లారీలు పోయాయి.

సైతామా_సుజాత

మీరంతా కలిసి ఆ కుర్రాణ్ణి భయపెట్టేస్తున్నారు. అమ్మగారికి నచ్చేవి కూడా ఉన్నాయి బాబూ. కథ చెప్పే పెద్దావిడలు ఉంటారు, "తోనో మొనొగతారి నో యకతా" అనే చోట వినొచ్చు, అది కూడా ఊళ్లోనే. తోనో యాస టోక్యోవాళ్లకే సగం అర్థం కాదు, కాబట్టి భాష రాదని బెంగ అక్కర్లేదు. కథ అయిపోగానే "దోండొహారె" అంటారు. మా అత్తగారు పక్కనే కూర్చుని "కంచికి పోయిందిలే" అన్నారు, ఎవరూ చెప్పకుండానే.

కప్పా వాగు పక్కన చిన్న గుడి ఉంది. బాలింతలు పాలు పడాలని ఎర్రగుడ్డతో కుట్టిన రొమ్ముల బొమ్మలు పెట్టి మొక్కుకుంటారు. ఆ పక్కన జోకెన్‌జి గుడిలో కాపలా సింహాల నెత్తిన కూడా గిన్నెలాంటి గుంట ఉంటుంది, గుడి అంటుకుంటే కప్పా వచ్చి ఆర్పిందని కథ. దెన్షోయెన్, జోకెన్‌జి, వాగు పక్కపక్కనే. స్టేషన్ నుంచి ఐదారు కిలోమీటర్లు, బస్సు ఉంది గానీ దానికోసం కూర్చుంటే పొద్దుపోతుంది, పెద్దవాళ్లతో టాక్సీయే మేలు. అద్దె సైకిళ్లు ఉన్నాయి, అవి మీకు.

కొత్తపేట_కుర్రోడు

ఈ త్రెడ్ మొత్తం నాన్నగారికి వాట్సాప్‌లో పంపాను. ఆయన ప్రశ్నలు: (1) ఆ కథలు చెప్పిందెవరు, పేరు పుస్తకం మీద ఉందా? (2) ముసలివాళ్లని కొండ మీద వదిలేసేవాళ్లట, అది అక్కడేనా? రెండోది అడిగి "నాకు అరవై దాటాయి, ముందే చెప్పు" అన్నారు.

పొగచూరిన_పుస్తకం

మాస్టారు సరైన చోట పట్టుకున్నారు. చెప్పినవాడు ససాకి కిజెన్, తోనో కుర్రాడు. చదువుకోడానికి టోక్యో వచ్చి, రచయిత కావాలని తిరుగుతున్నవాడు. 1908లో యానగితని కలిసి రాత్రిళ్లు కూర్చుని చెప్పాడు. పుస్తకం మొదట్లోనే యానగిత అతని పేరు రాసి, కథలన్నీ ఇతను చెప్పినవే అన్నాడు, అంతవరకూ నిజాయితీ ఉంది. కానీ అట్ట మీద పేరు ఒకరిదే, కీర్తీ ఒకరిదే. కిజెన్ తర్వాత సొంతంగా కథలు సేకరించాడు, 1933లో పోయాడు. ఆయన స్మారక గది దెన్షోయెన్‌లోనే ఉంది. నా మటుకు నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే ముఖ్యమైన గది అదే. జనం తలుపు దగ్గరి నుంచే తొంగిచూసి వెళ్లిపోతారు.

రెండోది అక్కడే, దెందెరానో అనే మెరక. 111వ కథ. అరవై దాటినవాళ్లని ఆ మెరకకి పంపేసేవాళ్లు. కానీ చనిపోడానికి ఊరికే కూర్చోలేదు. పగలు కిందికి దిగి ఊరి పొలాల్లో పనిచేసి, కూలి తిండి తిని, సాయంత్రం మళ్లీ పైకి పోయేవాళ్లు. అంటే వెలివేసింది ఇంటి నుంచే, పని నుంచి కాదు. మాస్టారు దీని మీద ఒక పీరియడ్ పాఠం చెప్పగలరు.

పట్టుగూడు

దెందెరానోకి, రకన్ బండలకి వెళ్తే ఎలుగుబంటి గంట తగిలించుకోండి. జోక్ కాదు. ఇవాతే కొండల్లో ఎలుగులు ఉన్నాయి, శరదృతువులో తిండికోసం కిందికి దిగుతాయి. ముందురోజు టూరిస్ట్ ఆఫీసులో అడిగి, వద్దంటే మానెయ్యండి. మ్యూజియం సెలవులు కూడా సీజన్‌ని బట్టి మారతాయి, నెలాఖరున మూస్తుంటారు. నువ్వు అక్టోబర్ చివర అన్నావు, సైట్ చూడకుండా టికెట్ తీయకు.

కొత్తపేట_కుర్రోడు

చూశాను, ఒక వారం ముందుకి జరిపాం. హనామాకిలో రాత్రి బస, మర్నాడు పొద్దున్నే తోనో. చిల్లర_యెన్ అన్నా, మింకా-ఎన్ కూడా పెట్టుకున్నాను, వాళ్లు దిగిన వారంలోనే, కాళ్లు అలవాటు కావడానికి. అమ్మ ఒక్కటే అడుగుతోంది: ఒషిరాసమాకి తొడిగే గుడ్డ అక్కడే కొనాలా, ఇంటి నుంచి తెచ్చుకోవచ్చా? తన దగ్గర పాత ధర్మవరం చీర అంచు ఉందట.

సైతామా_సుజాత

మేం వెళ్లినప్పుడు అక్కడ ఇచ్చిన గుడ్డే వాడాం, పెన్ను కూడా వాళ్లే ఇచ్చారు. సొంతది తొడగనిస్తారా అన్నది కౌంటర్‌లో అడగండి. చీర అంచు మాత్రం మర్చిపోకుండా తెమ్మనండి.